నేల దాకా వచ్చినవాళ్ళు

ఆ ఎండాకాలం నా కుడి కంట్లో చిల్లు పడింది. బట్టల వ్యాపారికి చిల్లు కొత్త కాదు. తానులో చిల్లు కనిపిస్తే ఆ మూర కత్తిరించి పక్కన పడేస్తాం, మిగతాది అమ్ముకుంటాం. కంటికి ఆ సౌకర్యం లేదు. పైగా చిల్లు పడింది సరిగ్గా నడిమధ్యలో. ఎవరి మొహం చూసినా ముక్కు ఉండాల్సిన చోట మసక చుక్క కనిపించేది. తలుపు చట్రం చూస్తే నడుం దగ్గర వంగినట్టు ఉండేది.

నా వ్యాపారమే రంగులది. బడిపిల్లల యూనిఫాం బట్ట టోకున అమ్ముతాను. అన్న వేసుకునే పోయినేటి నీలం చొక్కా పక్కన తమ్ముడు వేసుకునే ఈ ఏటి నీలం చొక్కా నిలబెడితే తేడా తెలియకూడదు. తెలిసిందంటే తల్లులు బడి మీద పడతారు, బడివాళ్ళు కాంట్రాక్టరు మీద పడతారు, కాంట్రాక్టరు నా మీద పడతాడు. ఇన్నేళ్ళలో నా మీద ఎవరూ పడలేదంటే అది కుడి కంటి చలవే. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అర్ధబలం. అద్దాలు పెడితే మనిషిని పోలుస్తుంది కానీ రంగుని పోల్చలేదు.

"ఆపరేషన్ నేను చేస్తాను, కానీ అందులో నా పని సగమే," అంది కళ్ళ డాక్టరమ్మ. "కంటి లోపల గ్యాసు బుడగ పెడతాను. బుడగ పైకి తేలుతుంది కదా, చిల్లేమో కంటి వెనక గోడకి ఉంది. మీరు మొహం నేలకేసి ఉంచితేనే బుడగ పోయి దాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఆ మిగతా సగం మీ పని."

"ఎంతసేపు ఉంచాలి?"

"సేపు కాదండీ, రెండు వారాలు. పగలూ రాత్రీ. తినడానికీ స్నానాల గదికీ తప్ప తల ఎత్తకూడదు."

నా పక్కన కూర్చున్న మా ఆవిడ ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వుతోంది.

"ఏంటమ్మా?" అంది డాక్టరమ్మ.

"బజార్లో ఈయన్ని నిటారు సాయిబంటారు డాక్టరమ్మా. గుమ్మం తగులుతుందని తెలిసినా తల వంచరు. ఈయన కోసం ఇంట్లో రెండు గుమ్మాలు ఎత్తు పెంచాం."

"అయితే మీకే కష్టం," అంది డాక్టరమ్మ, నన్ను చూస్తూ. ఆవిడ నవ్వలేదు. "ఇలాంటి చిల్లులు మూసుకోకపోవడం చాలావరకు నా చేతిపనిలో లోపం వల్ల కాదు. ఇంటికెళ్ళాక ఏ అల్లుడో వచ్చాడని తలెత్తి కూర్చుంటారు. అంతే."

వచ్చేటప్పుడు మా ఆవిడే నమాజు సంగతి అడిగింది.

"కూర్చుని చేసుకోండి. నుదురు నేలకి ఆనించడం మాత్రం వద్దు. తల గుండె కంటే కిందికి పోతే కంటి మీద ఒత్తిడి పడుతుంది. మొహం నేలని చూస్తూ ఉండాలి, నేలని తాకకూడదు."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకది రాయితీలా అనిపించింది. రోజుకి అయిదు పూటల నమాజులో ఒక్క పూట ఎగ్గొట్టే మనిషిని కాను. అలాగని ఒక్క నిమిషం ఎక్కువ ఇచ్చే మనిషినీ కాను. వేళకి హాజరు, వేళకి సెలవు. నుదురూ ముక్కూ నేలకి ఆనించే సజ్దా కూడా నాకు అంతే. చెప్పవలసిన మాట మూడుసార్లు ఒకే ఊపిరిలో చెప్పి లేచేవాణ్ణి. ఇంట్లో నేను ముందు నిలబడి చదివిస్తే మా ఆవిడ వెనక నిలబడి చదివేది. అయ్యాక చాప మడుస్తూ, "కోడి గింజలు ఏరుకున్నట్టుంది మీ సజ్దా. నేను కిందికి చేరేలోపే మీరు పైకొచ్చేస్తారు," అనేది. "కోడికి కడుపు నిండుతోందిగా," అనేవాణ్ణి నేను.

*

ఆపరేషన్ అయింది. వీధి చివరి వడ్రంగి మాకోసం ఒక బల్ల చేసిచ్చాడు. మోకాలెత్తు ఉంటుంది. తల వచ్చే చోట మొహం పట్టేంత రంధ్రం కోసి, చుట్టూ మెత్త కుట్టించాడు. దాని మీద బోర్లా పడుకుంటే మొహం రంధ్రంలో ఇరుక్కుని నేలని చూస్తూ ఉంటుంది. కళ్ళద్దాలు జారకుండా మా ఆవిడ వాటికి నాడా కట్టింది. కుడి కంటికి గ్యాసు తప్ప ఇంకేం లేదు, నీళ్ళ అడుగు నుంచి దీపాన్ని చూసినట్టు ఒక మసక వెలుగు. ఎడమ కంటికి గచ్చు.

మొదటి పూటంతా గచ్చునే చూశాను. మా ఇంటి గచ్చులో ఒక పగులు ఉందనీ, అది గోడ దాకా పోయి మనసు మార్చుకుని వెనక్కి తిరిగిందనీ నాకప్పటిదాకా తెలియదు.

మా తమ్ముడికి జాలేసి దుకాణం నుంచి చిన్న అద్దం తెచ్చాడు. కొనేవాళ్ళు బట్ట భుజం మీద వేసుకుని చూసుకునే అద్దం అది. బల్ల కింద, నా మొహానికి సరిగ్గా దిగువన, ఇటుక ముక్క ఆసరాతో ఏటవాలుగా నిలబెట్టాడు.

"ఇప్పుడు గదంతా కనిపిస్తుంది అన్నా. ఎవరొచ్చారో చూడు."

చూశాను. గదంతా కాదు, గదిలో అడుగుభాగం కనిపించింది. బల్ల చెక్క అడ్డం కాబట్టి అద్దాన్ని ఎటు తిప్పినా మోకాళ్ళు దాటి పైకి ఏదీ కనిపించేది కాదు. మంచం కోళ్ళు, తలుపు కింది అంచు, మా తమ్ముడి చెప్పులు, వాటిలో వాడి వేళ్ళు.

"నీ మొహం కనపడటం లేదురా."

వాడు గచ్చు మీద బోర్లా పడి చెంప నేలకి ఆనించాడు. అప్పుడు అద్దంలో వాడి మొహం అడ్డంగా ప్రత్యక్షమయింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కనిపించావు. గడ్డం గీసుకో."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. నాతో ఊరికే మాట్లాడాలంటే నిలబడి మాట్లాడొచ్చు. మొహం చూపించి మాట్లాడాలంటే నేల దాకా రావాలి. పరామర్శకి వచ్చినవాళ్ళు చాలామంది నిలబడే పోయారు. నలభై ఏళ్ళుగా తెలిసిన మనుషుల్ని మడమలతో గుర్తుపట్టడం నేర్చుకున్నాను. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే ఆగిపోయిన పాదాలు, ఎప్పుడు పోదామా అని పక్కకి తిరిగే పాదాలు.

నేలకి వచ్చినవాడు మా వీధి మసీదు ఇమాం. భారీ మనిషి. ముందు ఒక మోకాలు దిగింది, తర్వాత రెండోది, తర్వాత ఒక మూలుగు. ఆఖరున తెల్లగడ్డం, దాని వెనక మొహం.

"సలాం సాయిబు గారూ. బావున్నారా అని అడగను. నాకే బాగోలేదు ఈ పొజిషన్లో."

"ఇమాం సాబ్, నాకో సందేహం. జబ్బు మనిషి కూర్చుని సైగతో నమాజు చదవొచ్చంటారు. నడుం వంచే రుకూకి కాస్త వంగాలి, సజ్దాకి ఇంకాస్త వంగాలి అంటారు. నా తల ముందే వంగి ఉంది. ఇంకెక్కడికి వంచను?"

ఆయన పడుకునే ఆలోచించాడు. "డాక్టరమ్మ ఎంత ఒప్పుకుంటుంది?"

"రెండు వేళ్ళ మందం."

"అయితే రుకూకి ఒక వేలు, సజ్దాకి రెండు."

"అంతేనా? సజ్దా అంటే రెండు వేళ్ళా?"

"ఇన్నాళ్ళూ మీకది ఎంత ఉండేదేంటి?" అన్నాడాయన. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడిగాడు. "మెడ వంచే పని డాక్టరమ్మ మీకు ఎలాగూ పెట్టేసింది. అందులో మీ గొప్పేం లేదు. ఆ రెండు వేళ్ళూ మాత్రం ఎవరూ వంచమనలేదు, మీరే వంచాలి. ఆ తేడా పట్టుకోండి చాలు."

ఆయన్ని లేపడానికి మా తమ్ముడూ మా ఆవిడా ఇద్దరూ పట్టాల్సి వచ్చింది.

*

బళ్ళు తెరిచే ముందు నెల మాకు పంట కాలం. ఏడాది బట్టలో ఎక్కువ భాగం అప్పుడే కదులుతుంది. అందులో పెద్ద ముద్ద ఒకే మనిషి చేతిలో ఉంటుంది. ఊళ్ళో సగం బళ్ళకి యూనిఫాం కుట్టించే కాంట్రాక్టరు అతను. ఏటా దుకాణానికి వచ్చి, మా తమ్ముడి చేత పాత ముక్కా కొత్త ముక్కా నా ముందు పెట్టించి, నేను ఊ అంటే ఆర్డరు ఇచ్చి పోయేవాడు. నా ఊకి అంత ధర.

మొదటి వారం గడవకముందే మా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. ఈసారి నేల మీద పడుకోలేదు. చెప్పులు అద్దంలో అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"బజారంతా పాకిపోయింది అన్నా. నిటారు సాయిబుకి కన్ను పోయిందంట, తల కూడా ఎత్తలేకపోతున్నాడంట. ఎదుటి కొట్టువాడు టీ ఇప్పించి మరీ చెప్తున్నాడు. కాంట్రాక్టరు రేపు వస్తానన్నాడు, నిన్ను చూడాలంట."

"రమ్మను. చూస్తే ఏం పోయింది?"

"ఇలా కాదు. దుకాణంలో, గల్లా దగ్గర. ఒక్క గంట కూర్చో. నీ పాటికి నువ్వు నిటారుగా కూర్చుంటే చాలు, సగం నోళ్ళు మూతపడతాయి."

"కూర్చుని? రంగు చూడమంటే?"

వాడు అప్పుడు నేలకి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "పాత ముక్క మూల చిన్నగా కత్తిరించి పెడతా. వేలితో తడిమితే తెలుస్తుంది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎప్పట్లాగే కాసేపు అటూ ఇటూ తిప్పి, ఊ అను. నువ్వు ఊ అనే తీరు నీకు కొత్తా?"

కొత్త కాదు. నేను చెయ్యగలను. ఇంకా చెప్పాలంటే నాకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు. ఆ మధ్యాహ్నం అంతా గచ్చు మీద పగులు చూస్తూ లెక్క వేశాను. ఒక పక్క సీజను. రెండో పక్క ఒక గంట. గంటలో బుడగ పక్కకి జరిగితే చిల్లు మూసుకోకపోవచ్చు, మూసుకోనూవచ్చు. డాక్టరమ్మలు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెప్తారు, మేం ధర చెప్పినట్టే. అందులో కొంత తగ్గించుకోవచ్చు. తగ్గించి చూశాను. ఎంత తగ్గించినా ఒకచోట ఆగిపోయాను. ఈ సీజను కోసం కన్ను అమ్మేస్తే వచ్చే సీజనులో ఏం అమ్మను?

"ఇంటికే రమ్మను," అన్నాను. "నేను కదలను."

"అన్నా!"

"కదలనురా. మళ్ళీ అడక్కు."

కాంట్రాక్టరు వచ్చాడు. నిగనిగలాడే గోధుమరంగు బూట్లు, నడిస్తే కీచుమనేవి. అవి గుమ్మం దాటి నా బల్లకి కాస్త దూరంలో ఆగాయి.

"ఏంటి సాయిబు గారూ, ఈ అవతారం? ఒక్కసారి తలెత్తండి. మొహాలు చూసుకుని మాట్లాడుకుందాం. బూట్లతో బేరం చేస్తామా?"

"మీరు కింద కూర్చుంటే మొహం కనిపిస్తుందండీ. అద్దం ఉంది."

"ప్యాంటు నలుగుతుంది."

నవ్వాడు. మా తమ్ముడూ నవ్వాడు, అవసరం కొద్దీ. బూట్ల పక్కన రెండు బట్ట ముక్కలు వచ్చి పడ్డాయి. అద్దంలో రెండూ ఒకే బూడిదరంగు.

"ఏది పాతది, ఏది కొత్తది?"

"తెలీదు," అన్నాను. "కుడి కంట్లో గ్యాసుంది. ఎడమ కంటికి రంగు తెలీదని మీకూ తెలుసు. మా తమ్ముడు చూస్తాడు. పదేళ్ళుగా నా పక్కనే ఉన్నాడు."

"మీ తమ్ముడి కంటికి ఆర్డరు ఇవ్వడం ఎలా సాయిబు గారూ? నాకు మీ కన్ను కావాలి."

"వచ్చే నెలకి ఉంటుంది."

"బళ్ళు వచ్చే నెల దాకా ఆగవుగా."

బూట్ల మడమలు లేచాయి. మొహం కనిపించే రోజుల్లో ఈ మనిషి మడమలు లేపే అలవాటు నాకు తెలియదు. నా చేత బతిమాలించుకోవడానికి నిలబడ్డాడని అర్థమయింది. ఇంకో మాట నేను అంటే ఇంకో మాట అతను అంటాడు. దానికి మొహం కావాలి. నా మొహం చూసి మెత్తబడని మనిషిని నేను చూడలేదు. అది రంధ్రంలో ఉంది. బూట్లు తిరిగాయి. కీచు, కీచు. గుమ్మం దగ్గర ఆగాయి.

నా మెడ కదిలింది. నేను కదిపానని చెప్పలేను, అదే కదిలింది. మెత్త నుంచి నుదురు వేలెడు లేచిందో లేదో, వెనక నుంచి ఒక అరచెయ్యి నా తల మీద పడింది. మా ఆవిడది. నొక్కలేదు. అలా పెట్టి ఉంచింది, అంతే.

"వెళ్ళనివ్వండి," అంది.

బూట్లు వెళ్ళిపోయాయి. సాయంత్రానికి ఆర్డరు ఎదుటి కొట్టుకి పోయిందని తెలిసింది.

*

మర్నాడు పగలంతా నాలో నేను గొడవ పడ్డాను. ఎవరితోనంటే పైవాడితోనే. నా వైపు నుంచి ఏం తక్కువ పెట్టాను? ఒక పూట తప్పలేదు. ఒక కొలత తగ్గించలేదు. బజార్లో నాసిరకం అంటగట్టేవాళ్ళందరి కళ్ళూ బావున్నాయి. ఇచ్చినదానికీ వచ్చినదానికీ ఎక్కడ పొంతన? ఇలాంటి లెక్క మనుషులెవరైనా నాతో చేసి ఉంటే వాళ్ళ గుమ్మం మళ్ళీ తొక్కేవాణ్ణి కాదు.

సాయంత్రపు నమాజుకి వేళయింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గచ్చు మీదికి దిగింది. మామూలుగా మా ఆవిడ లోపలి గదిలో చదువుకునేది. నాకు నిద్ర పడితే తల పక్కకి తిప్పేస్తానని భయం కాబట్టి ఆ వారం నన్ను విడిచి ఎక్కడికీ పోలేదు. బల్ల పక్కనున్న కాస్త జాగాలోనే చాప పరిచింది.

అద్దంలో ఆవిడ పాదాలు వచ్చి నిలబడ్డాయి. కాసేపటికి చేతులు మోకాళ్ళ మీదికి వచ్చాయి, మళ్ళీ పోయాయి. తర్వాత మోకాళ్ళు దిగాయి. చేతులు దిగాయి. ఆ తర్వాత నుదురు దిగింది.

ముప్ఫై ఏళ్ళ కాపురం. నమాజులో ఎప్పుడూ నేను ముందు, ఆవిడ వెనక. ఆవిడ సజ్దా నేను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది.

చేతికీ ముసుగుకీ మధ్య సందులోంచి ఒక చెంప, చాపకి ఆనిన ముక్కు కొస, పెదాలు. పెదాలు మూడుసార్లు కదిలాయి. ఇక లేస్తుందనుకున్నాను. లేవలేదు. పెదాలు ఆగిపోయాయి. ఆవిడ మొహం అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. మా ఆవిడ మొహంలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. పొయ్యి మీద ఏముందో, నేనేం అనబోతున్నానో, మా తమ్ముడికి సంబంధం ఎక్కడ కుదురుతుందో. నిద్రలో కూడా కనుబొమలు ముడిచి ఉంటుంది. ఇప్పుడు ఆ ముడి లేదు. ఎండ ఆవిడ వేళ్ళ మీద పడి, వేళ్ళ మీదుగా కొద్దిగా జరిగింది. అయినా ఆవిడ అక్కడే ఉంది.

చాప మడుస్తుంటే అడిగాను.

"అంతసేపు ఏం అడుగుతున్నావ్?"

"మీరెందుకు చూశారు?"

"నేను చూడలేదు. అద్దం చూపించింది."

ఆవిడ నేల మీద కూర్చుంది. అద్దంలోకి వంగి నన్ను చూసింది. "నవ్వనంటే చెప్తా."

"నవ్వితే బుడగ కదులుతుంది. చెప్పు."

"అడగాలనే వెళ్తానండీ. మీ కన్ను, పోయిన ఆర్డరు, మరిది పెళ్ళి, అన్నీ వరసగా పెట్టుకునే వెళ్తాను. నుదురు ఆనగానే ఒక్కటీ గుర్తు రాదు. నేలంత కింద పడి ఉండి, అందరికంటే పైనున్నవాడివి నువ్వే అంటాం కదా. ఆ మాట అన్నాక ఇంక నాకు చెప్పడానికేం తట్టదు. ఊరికే ఉంటా."

"ఊరికే?"

"ఊరికే. లేచాక అన్నీ గుర్తొస్తాయి. అప్పుడు చేతులు పట్టి అడుగుతా."

"బజారుకి వెళ్ళి ఖాళీ సంచీ తెచ్చినట్టు."

"సంచీ సంగతి తెలీదు. అప్పటిదాకా మోసుకెళ్ళినవి దించితేనేగా చేతులకి నొప్పి ఉందని తెలిసేది," అని లేచింది. "మీరు వెళ్ళినప్పుడల్లా సంచీ భుజానేసుకునే వంగుతారు. ఇంక దిగేదెలా?"



*

ఆ పూట నుంచి నాకు నేల కావాలనిపించింది. ఎదురుగానే ఉంది, మూరెడు దూరంలో. రోజంతా దాన్నే చూస్తున్నాను. దాని పగుళ్ళూ మచ్చలూ నాకు కంఠతా వచ్చేశాయి. దాన్ని తాకడం ఒక్కటే కూడదు. ఇన్నేళ్ళు అడ్డం లేనప్పుడు కోడిలా పొడిచి లేచాను. ఇప్పుడు మొహం దానికేసి కట్టేసి ఉంటే ఆ మూరెడు దాటడానికి లేదు. ఎవరైనా నాతో ఈ బేరం చేసి ఉంటే, గొప్ప వ్యాపారివయ్యా అని మెచ్చుకునేవాణ్ణి.

నమాజుకి లేపి కూర్చోబెడితే, తల దించుకునే, రుకూకి ఒక వేలు వంచేవాణ్ణి, సజ్దాకి రెండు. నెమ్మదిగా. ఆ రెండు వేళ్ళ దూరం ఎంత పొడుగైనదో అప్పుడు తెలిసింది. మొదటి వేలి దాకా మెడ వస్తుంది. రెండో వేలికి నేను రావాలి. కాంట్రాక్టరు బూట్లు అడ్డం వస్తే ఆగి, వాటిని పోనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి.

ఒకసారి ఆశ పుట్టి మూడు వేళ్ళు దాటి, నాలుగు దాటి కిందికి పోతున్నాను. వెనక దగ్గు వినిపించింది. అయ్యాక మా ఆవిడ అంది, "ఏంటా తొందర?"

"తాకుదామని. నుదుటి కొస మాత్రం."

"వద్దన్నప్పుడు ఆగడం కూడా వంగడమేనండీ. నేల ఎక్కడికీ పోదు."

ఆగాను. మొండితనం నాకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ దాన్ని తలెత్తి నిలబడటానికి వాడాను. ఇప్పుడు అదే మొండితనాన్ని ఇటు తిప్పాను. మెడ నరాలు బిగుసుకుపోయాయి, మొహం మెత్త గుర్తులతో వాచిపోయింది, ఛాతీ మీద పుండు పడింది. తల ఎత్తలేదు. తల దించనూ లేదు. చెప్పిన చోట ఉన్నాను.

మా తమ్ముడు రెండు రోజులు కనిపించలేదు. అలిగాడనుకున్నాను. మూడో రోజు వచ్చి గచ్చు మీద పడ్డాడు. ఎండకి మాడిన మొహం, పెదాలు పగిలి ఉన్నాయి.

"చిన్న బళ్ళ చుట్టూ తిరిగొచ్చా అన్నా. ముక్కలు పట్టుకుని నేనే వెళ్ళా. ఒక హెడ్‌మాస్టరమ్మ కిటికీ దగ్గర నిలబెట్టి నాలుగు నీలాలు నా ముందు పెట్టింది."

"చెప్పావా?"

"చెప్పా. ఒక్కోటీ రెండేసి సార్లు చూసి చెప్పా. ఆర్డరు ఇచ్చింది. ఇంకో రెండు బళ్ళు కూడా. పెద్దవేం కాదు."

"పెద్దదానితో పోలిస్తే?"

"ముక్క. ఈ ఏడాది బిగించుకోవాలి." అద్దంలోకి సూటిగా చూశాడు. "నువ్వు గల్లా దగ్గరకి వచ్చుంటే నేను వెళ్ళేవాణ్ణి కాదు."

"ముక్క మూల కత్తిరించే పనిలో ఉండేవాడివి."

వాడు నేల మీదే నవ్వాడు. దుమ్ము లేచి నాకు తుమ్ము రాబోయింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ముక్కు పట్టుకుంది.

*

రెండు వారాలు నిండాక ఆస్పత్రిలో డాక్టరమ్మ నా గడ్డం కింద వేలు పెట్టి, మెల్లగా పైకి ఎత్తింది. ముందు ఆవిడ కోటు బొత్తాలు కనిపించాయి, తర్వాత మొహం. మనుషులకి ఇంత ఎత్తున మొహాలు ఉంటాయని మర్చిపోయాను.

"ఇక తల ఎత్తొచ్చు. చిల్లు మూసుకుందా లేదా అన్నది మిషను మీద చూడాలి. వరస పెద్దగా ఉంది, మధ్యాహ్నం దాటుతుంది. బయట కూర్చోండి."

"నుదురు నేలకి ఆనించొచ్చా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. తల ఎత్తడానికి అనుమతి దొరికిన మనిషి మొదట అడిగిన మాట అదే మరి. "ఆనించండి. నెమ్మదిగా."

బయట వరండాలో బెంచీల నిండా కళ్ళకి గంతలు కట్టుకున్న మనుషులు. మెట్ల కింద కాస్త చోటు ఖాళీగా ఉంది. మధ్యాహ్నపు నమాజు వేళ. మా ఆవిడ సంచీలోంచి దుప్పటి తీసి పరిచింది. అది చిన్నది, మోకాళ్ళ దగ్గరే అయిపోయింది. నుదుటి చోట బండే.

నేను ముందు నిలబడ్డాను. ఆవిడ వెనక నిలబడింది. నిలబడి చదువుతున్నంతసేపూ అడగవలసినవి వరసగా సర్దుకున్నాను. మొదట కన్ను. మూసుకుని ఉండాలి, రంగు తిరిగి రావాలి. తర్వాత దుకాణం. తర్వాత తమ్ముడు. ఏది ముందు ఏది వెనక అని వ్యాపారి సర్దినట్టే సర్దాను. ఒక్కటి కూడా జారిపోదు.

వంగాను, లేచాను. మోకాళ్ళు దించాను. చేతులు దించాను. మొదటి వేలు, రెండో వేలు. రెండో వేలి దగ్గర అలవాటుగా మెడ ఆగిపోయింది. ఎవరూ దగ్గలేదు.

ఇంకా దిగాను.

బండ చల్లగా ఉంది. కడిగిన మందు వాసన. నా ఊపిరే బండకి తగిలి వెచ్చగా నా మొహం మీదికి తిరిగొచ్చింది. పక్క నుంచి చెప్పుల చప్పుడు పోతోంది, ఎవరో ఎవరినో వరస తప్పావని తిడుతున్నారు. అందరికంటే పైనున్నవాడివి నువ్వే అన్నాను. ఒకసారి. ఊపిరి తీసుకుని రెండోసారి. మూడోసారికి ఆ మాట నా నోట్లోంచి నేనెరగని మనిషి అంటున్నట్టుంది. ఆ తర్వాత నాకేం తట్టలేదు. ముందు నేను లేస్తే గానీ ఆవిడ లేవకూడదు కాబట్టి, నా వెనక మా ఆవిడ కూడా అలాగే ఉంది. ఇద్దరం అక్కడే ఉన్నాం.

నమాజు అయ్యాక ఆవిడ ముసుగు సర్దుకుంటూ అడిగింది.

"కన్ను గురించి అడిగారా?"

నేను దుప్పటి మడవడం మొదలుపెట్టాను.

"అడగలేదా?"

"మర్చిపోయా."

"ఈ నమాజులో ఎనిమిది సార్లు నేలకి దిగారు. ఒక్కసారీ గుర్తు రాలేదా?"

"రాలేదే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. గంతలవాళ్ళందరూ మావైపు తిరిగారు. "సంచీ ఏదండీ?" అంది. ఈలోగా నర్సు మా వరస పిలిచింది.

మిషను ముందు గడ్డం పెట్టాను. కాంతి వచ్చి పోయింది. డాక్టరమ్మ తెర మీద చాలాసేపు చూసింది. మా ఆవిడ నా భుజం పట్టుకుంది. వేళ్ళు దిగబడుతున్నాయి.

"మూసుకుంది," అంది డాక్టరమ్మ. "బాగా మూసుకుంది. మిగిలిన గ్యాసు దానంతటదే కరిగిపోతుంది. రంగులు మెల్లగా తేరుకుంటాయి. మీరు తల ఎత్తకుండా ఉంటారని నేను అనుకోలేదు సాయిబు గారూ."

తర్వాత గళ్ళ కాగితం ఒకటి నా ముందు పెట్టి, ఎడమ కన్ను మూసి, బుడగ అంచు పైనుంచి కుడి కంటితో చూడమంది.

"గీతలు తిన్నగా ఉన్నాయా?"

"ఉన్నాయి. నడిమధ్యలో ఒకటి మాత్రం కాస్త వంగింది."

"అది అలాగే ఉండిపోవచ్చు. నేను ఇంకేం చెయ్యలేను."

"ఉండనివ్వండి డాక్టరమ్మా," అంది మా ఆవిడ, నా భుజం వదిలి. "ఇన్నేళ్ళూ నిటారుగా నిలబడీ నిలబడీ అలిసిపోయి ఉంటుంది."